పంప్ యాక్షన్ షాట్‌గన్‌కి ఏది వాడాలి: పల్చటి ఆయిలా, సీఎల్‌పీనా, గ్రీజా?

పంప్ యాక్షన్ షాట్‌గన్ మొరాయిస్తే చాలామందికి ముందుగా తట్టేది ఆయిల్ తక్కువైందేమో అని. వెంటనే స్ప్రే డబ్బా తీసి లోపలంతా తడిపేస్తారు. నేను చూసినంతలో ఈ రకం తుపాకులకి ఇబ్బంది ఎక్కువసార్లు వచ్చేది ఆయిల్ తక్కువై కాదు, ఎక్కువై. లేదంటే వెయ్యకూడని చోట వేసినందువల్ల. అందుకే ఏ ఆయిల్ కొనాలి అన్న ప్రశ్నకి బ్రాండ్ పేరు ఒక్కటే జవాబు కాదు. లోపల ఏ భాగం దేనికి రాసుకుంటోంది, తుపాకి ఎలాంటి గాలిలో ఉంటుంది, వాడకానికీ వాడకానికీ మధ్య ఎంతకాలం ఊరికే ఉంటుంది అన్నవి తెలిస్తే ఎంపిక సగం అయిపోయినట్టే.

తొందరలో ఉన్నవాళ్ల కోసం నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఒక మంచి సీఎల్‌పీ (శుభ్రం చేసి, జారుడు ఇచ్చి, తుప్పు ఆపే ద్రవం) సీసా, ఒక చిన్న సింథటిక్ గ్రీజు ట్యూబు కొనుక్కోండి. మామూలు వాడకానికి ఈ రెండూ చాలు. మిగతావన్నీ ప్రత్యేక పరిస్థితుల కోసం. ఆ పరిస్థితుల్లో మీది ఒకటైతే మాత్రం కింది వివరాలు పనికొస్తాయి.

పంప్ గన్ అవసరం వేరు

సెమీ ఆటోమేటిక్ షాట్‌గన్‌లో బోల్ట్‌ని (బ్యారెల్ వెనక భాగాన్ని మూస్తూ తెరుస్తూ కదిలే భాగాన్ని) నడిపేది పేలుడు వాయువు, లేదా వెనక్కి తన్నే బలం. చాలా మోడళ్లలో ఆ వాయువుతో పాటు మసి కూడా యంత్రాంగంలోకి వస్తుంది. జిడ్డూ మసీ కలిసి గట్టిపడితే బోల్ట్ పూర్తిగా వెనక్కి వెళ్లదు. అక్కడ ఆయిల్ విషయంలో పట్టింపు ఎక్కువ ఉండాల్సిందే. పంప్ గన్‌లో బ్యారెల్ కింద ఉన్న ఫోరెండ్ అనే పిడిని వెనక్కీ ముందుకీ ఆడిస్తూ అదే పని మీ చెయ్యి చేస్తుంది. కాస్త పొడిగా ఉన్నా, కాస్త మురికిగా ఉన్నా చేతి బలం లాక్కెళ్తుంది. పైగా బ్యారెల్‌లోంచి వాయువుని పక్కకి తీసే ఏర్పాటే ఉండదు కాబట్టి లోపల చేరే మసి తక్కువ.

దీన్ని బట్టి నేను తేల్చుకున్నది ఒకటుంది. పంప్ గన్‌కి ఆయిల్ ఎంచుకునేటప్పుడు తుప్పుని ఎంత బాగా ఆపుతుంది అన్నది ముందు చూడాలి, ఎంత జారుగా ఉంటుంది అన్నది తర్వాత. ప్యాకెట్ల మీద ప్రకటనలన్నీ రెండో దాని గురించే ఉంటాయి. కానీ ఏళ్ల తరబడి నడిచే పంప్ గన్‌ని నిజంగా తినేది రాపిడి కన్నా తుప్పే. 1950లో వచ్చిన రెమింగ్టన్ 870, 1961లో వచ్చిన మాస్‌బర్గ్ 500 తొలి రోజుల తుపాకులు ఇప్పటికీ వాడకంలో ఉన్నాయంటే వాటి లోపలి పనితనం అంత తొందరగా అరిగేది కాదని అర్థం.

ఇక్కడ లోహం తేడా కూడా చూడాలి. 870 రిసీవర్ (బోల్ట్, ట్రిగ్గర్ ఉండే మధ్య భాగం) ఉక్కు, 500 రిసీవర్ అల్యూమినియం మిశ్రమం. రెండిట్లోనూ లాకింగ్ బ్లాక్ (కాల్చేటప్పుడు బోల్ట్‌ని బిగించి ఉంచే ముక్క) వెళ్లి పట్టుకునేది బ్యారెల్ వెనక ఉన్న ఉక్కు ఎక్స్‌టెన్షన్‌నే. కాబట్టి పేలుడు భారం రిసీవర్ మీద పడదు. అల్యూమినియం అనగానే ఎక్కువ గ్రీజు వెయ్యాలేమో అని కొందరు టెన్షన్ పడతారు, ఆ అవసరం లేదు. అల్యూమినియం విషయంలో చూసుకోవాల్సింది వేరే ఉంది, గ్రాఫైట్ దగ్గర చెబుతాను. బ్లూయింగ్ చేసిన ఉక్కు దానంతట అది తుప్పుని ఆపదు. అది ఉక్కు మీద ఏర్పరిచిన పల్చటి ఐరన్ ఆక్సైడ్ పొర. ఆయిల్‌ని పట్టి ఉంచుకుంటుందే తప్ప ఆయిల్ లేకపోతే దాని రక్షణ నామమాత్రం. పార్కరైజింగ్ (ఫాస్ఫేట్ పూత) చేసిన ఉపరితలం ఇంకా సన్నటి రంధ్రాలతో ఉంటుంది కాబట్టి ఆయిల్‌ని బాగా పీల్చుకుని దాచుకుంటుంది.

పని మొదలుపెట్టే ముందు

తూటాలన్నీ ఆ గదిలోంచే బయటికి పోవాలి. పంప్ గన్‌లో తూటా చాంబర్‌లో (బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోట) ఉండొచ్చు, మ్యాగజైన్ ట్యూబ్‌లో (బ్యారెల్ కింద తూటాలు వరసగా నిలిచే చోట) ఉండొచ్చు, రెండిటికీ మధ్య లిఫ్టర్ (తూటాని పైకెత్తే పలక) మీద కూడా ఉండొచ్చు. తుపాకిని ఎవరూ లేని వైపు తిప్పి, ట్రిగ్గర్ మీద వేలు లేకుండా యాక్షన్ తెరవండి (బోల్ట్ వెనక్కి వచ్చి చాంబర్ కనిపించాలి). చాంబర్‌లోకి కంటితో చూసి, వేలు పెట్టి తడమండి. తర్వాత మ్యాగజైన్ నోట్లో వేలు పెట్టి, తగులుతున్నది ఫాలోయరే (స్ప్రింగు ముందుండి తూటాల్ని నెట్టే ముక్కే) కదా అని చూసుకోండి. మురికి పట్టిన ట్యూబ్‌లో ఫాలోయర్ బిగుసుకుపోతే తూటా లోపలే ఆగిపోయి తుపాకి ఖాళీ అయినట్టు కనిపిస్తుంది. ఎన్నేళ్ల అనుభవం ఉన్నా ఈ పరీక్ష ప్రతిసారీ మొదటి నుంచి చెయ్యాల్సిందే.

ఎంపికలు ఒక్కొక్కటిగా

పల్చటి గన్ ఆయిల్. రెమ్ ఆయిల్ లాంటివి ఈ కోవకి వస్తాయి. సందుల్లోకి బాగా పాకుతాయి, చలిలో గడ్డకట్టవు, గుడ్డ మీద రెండు చుక్కలు వేసి తుడిస్తే బ్యారెల్ బయటంతా సమానంగా పరుచుకుంటాయి. ఆ పల్చదనమే వీటి లోపం కూడా. నిలువుగా పెట్టిన తుపాకిలో నెమ్మదిగా కిందికి జారిపోతాయి, కొంత ఆవిరైపోతుంది. వారంవారం షూటింగ్‌కి వెళ్లి, వచ్చాక తుడుచుకునేవాళ్లకి ఇవి బాగానే సరిపోతాయి. నెలల తరబడి ముట్టుకోనివాళ్లకి సరిపోవు. కుట్టుమిషన్ ఆయిల్ కూడా దాదాపు ఈ తరహాదే. దొరక్కపోతే తాత్కాలికంగా వాడొచ్చు, కానీ తుప్పుని ఆపే రసాయనాలు అందులో పెద్దగా ఉండవు.

సీఎల్‌పీ. శుభ్రం చెయ్యడం, జారుడు ఇవ్వడం, తుప్పు నుంచి కాపాడటం, ఈ మూడింటికీ ఒకే సీసా. అమెరికా సైన్యం ఇలాంటి ద్రవం కోసం పెట్టుకున్న ప్రమాణం మిల్-పీఆర్‌ఎఫ్-63460. మైనస్ 51 డిగ్రీల నుంచి 71 డిగ్రీల సెల్సియస్ దాకా పనిచెయ్యాలన్నది అందులోని నిబంధన. బ్రేక్-ఫ్రీ ఈ రకంలో బాగా తెలిసిన పేరు. మూడు పనులూ ఒకటే చేస్తున్నప్పుడు ప్రతి పనిలోనూ కాస్త రాజీ ఉంటుంది. బ్యారెల్ లోపల పేరుకున్న ప్లాస్టిక్ వ్యాడ్ (తూటాలో గుళ్ల కింద ఉండే కప్పు) మరకల్నీ సీసం పూతనీ వదిలించడంలో ప్రత్యేక సాల్వెంట్ (మురికిని కరిగించే ద్రవం) పనిచేసినంత చురుగ్గా ఇది పనిచెయ్యదు. గట్టిగా ఒత్తిడి పడే చోట గ్రీజు నిలిచినంతగా నిలవదు. కానీ పంప్ గన్‌కి కావలసిన ముఖ్యమైన పని, అంటే పల్చటి పొరగా నిలిచి తుప్పుని ఆపడం, ఇది బాగా చేస్తుంది. అందుకే నా ఓటు దీనికే. పీటీఎఫ్‌ఈ (టెఫ్లాన్) రేణువులు కలిసిన రకమైతే అవి సీసా అడుక్కి దిగుతాయి. వాడే ముందు బాగా కుదపండి. పైన తేరిన ద్రవం మాత్రమే వాడితే మీరు కొన్నది సగమే తుపాకికి చేరుతుంది.

సింథటిక్ ఆయిల్, ఇంజిన్ ఆయిల్. కారు ఇంజిన్‌లో పోసే సింథటిక్ ఆయిల్‌ని తుపాకుల్లో వాడేవాళ్లు చాలామందే ఉన్నారు. తప్పేమీ కాదు. తొందరగా ఆవిరవదు, వేడికి విరగదు, జారుడు బాగుంటుంది. అయితే అది తయారైంది మూసి ఉన్న ఇంజిన్‌లో నిరంతరం తిరుగుతూ ఉండటానికి. గాలి తగిలే లోహం మీద పల్చటి పొరగా నెలల తరబడి నిలవడం దాని పని కాదు. ఒకే సీసాతో సరిపెట్టుకోవాలనుకుంటే నేను ఇంజిన్ ఆయిల్ కన్నా సీఎల్‌పీనే తీసుకుంటాను. యాక్షన్ బార్లకి (ఫోరెండ్‌ని బోల్ట్‌తో కలిపే కడ్డీలకి) మాత్రమే అయితే ఇంజిన్ ఆయిల్ చుక్క నిక్షేపంగా పనిచేస్తుంది.

గ్రీజు. దీని గురించి రెండు అతివాదాలు వినిపిస్తాయి. కొందరు తుపాకిలో గ్రీజే వద్దంటారు, కొందరు రిసీవర్ నిండా కూరుతారు. అసలు సంగతి ఏమిటంటే గ్రీజు వేసిన చోటే ఉంటుంది, కారిపోదు, ఒత్తిడికి తట్టుకుంటుంది. ఆ గుణాలు కావలసిన చోట్లు పంప్ గన్‌లో రెండుమూడే ఉన్నాయి. ముఖ్యమైనది లాకింగ్ బ్లాక్ ముఖం. గ్రీజు చిక్కదనాన్ని ఎన్‌ఎల్‌జీఐ అంకెలతో చెబుతారు, 000 అంటే దాదాపు ద్రవం, 6 అంటే సబ్బుబిళ్లంత గట్టి. బండ్లకి మామూలుగా వాడేది 2. తుపాకికి 0 లేదా 1 ఇంకా మేలు, 2 ఉన్నా పర్వాలేదు, పొర మాత్రం పల్చగా ఉండాలి. చలి ప్రాంతాల్లో ఇది గట్టిపడి పంప్‌ని బరువెక్కిస్తుంది. దుమ్ములో అయితే ప్రతి ఇసుక రేణువునీ పట్టి దాచుకుంటుంది. అప్పుడు అది జారుడు ఇవ్వదు సరికదా, ఇసుక కాగితంలా లోహాన్ని గీస్తుంది. మాలిబ్డినం కలిపిన నల్ల గ్రీజు ఒత్తిడికి బాగా తట్టుకుంటుంది కానీ చేతికీ బట్టలకీ అంటితే మరక వదలదు.

పొడి కందెనలు. ద్రావకంలో కలిపిన పీటీఎఫ్‌ఈ, ఆరాక పొడి పొరగా మిగిలే రకం. దీనికి దుమ్ము అంటుకోదు, ఎడారి లాంటి చోట ఇది పెద్ద లాభం. నష్టం కూడా అంతే పెద్దది. తుప్పు నుంచి దాదాపు ఏ రక్షణా ఇవ్వదు. దుమ్మున్న చోట లోపల పొడి కందెన వేసి, బయటి లోహానికి సీఎల్‌పీ గుడ్డతో తుడవడం తెలివైన పద్ధతి. గ్రాఫైట్ పొడి మాత్రం అల్యూమినియం రిసీవర్ ఉన్న తుపాకిలో వాడొద్దు. గ్రాఫైట్ విద్యుత్ వాహకం. తేమ చేరితే అల్యూమినియంతో కలిసి చిన్న బ్యాటరీలా పనిచేసి ఆ లోహాన్ని తినేస్తుంది. తాళాల్లో బాగా పనిచేసిందని తుపాకిలోనూ వాడకండి.

బాలిస్టాల్. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో జర్మనీలో పుట్టిన ఆయిల్. నీళ్లతో కలిస్తే పాలలా తెల్లగా మారుతుంది, చెక్కకీ తోలుకీ హాని చెయ్యదు. చెక్క మడమ (భుజానికి ఆనించే వెనక భాగం) ఉన్న పాత తుపాకి మీ దగ్గరుంటే, ఆయిల్ ఎక్కడ ఒలుకుతుందో అన్న భయం లేకుండా వాడుకోవచ్చు. జారుడులో ఇది తేలిక రకమే. వాసన కొందరికి నచ్చదు.

డబ్ల్యూడీ-40. దీని దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే చాలా ఇళ్లల్లో ముందు చేతికి తగిలేది ఇదే. 1953లో అమెరికాలోని శాన్ డియాగోలో, లోహం మీంచి నీటిని తరిమేయడానికి తయారు చేశారు. ఆ పనిలో ఇది నిజంగా గొప్పది. వానలో తడిసిన తుపాకిని ఇంటికి తెచ్చాక మొదట దీంతో తేమని బయటికి నెట్టడంలో తప్పు లేదు. తర్వాత పూర్తిగా తుడిచేసి అసలైన ఆయిల్ వెయ్యాలి. దాన్నే ఆయిల్‌గా వదిలేస్తే అందులోని తేలిక భాగం ఆవిరైపోయి, మిగిలిన పల్చటి పొర రాపిడికి తట్టుకోదు. పదేపదే చల్లుతూ పోతే ట్రిగ్గర్ గ్రూపులో (ట్రిగ్గర్, ఫైరింగ్ పిన్‌ని కొట్టే హ్యామర్ కలిసి ఉండే భాగంలో) గోధుమరంగు జిగురు పేరుకుంటుంది.

వంటింటి నూనెలు ఏవీ వద్దు. గాలిలోని ఆక్సిజన్‌ని పీల్చుకుని అవి నెమ్మదిగా జిగురై, చివరికి వార్నిష్‌లా గట్టిపడతాయి. అవిసె నూనెని చెక్క మడమకి పూసేది సరిగ్గా ఈ గుణం కోసమే. చెక్క మీద వరమైనది బోల్ట్ మీద శాపం. అవిసె నూనె పూసిన గుడ్డల్ని ఉండచుట్టి మూలన పడేయకండి, వాటంతట అవే అంటుకునే ప్రమాదం ఉంది. పరిచి ఆరబెట్టాక పారెయ్యండి.

ఎక్కడ, ఎంత

ఆయిల్ ఎక్కడ వెయ్యాలో తుపాకే చూపిస్తుంది. కొంతకాలం వాడిన పంప్ గన్‌ని విప్పి వెలుతురులో పెట్టండి. నల్లటి పూత అరిగి వెండిలా మెరిసే గీతలు కనిపిస్తాయి. యాక్షన్ బార్ల అంచుల మీద, బోల్ట్ పక్కల, లాకింగ్ బ్లాక్ పైన. ఆయిల్ కావలసినవి ఆ గీతలే. మెరుపు లేని చోట రాపిడి లేదు. అక్కడ తుప్పు పట్టకుండా గుడ్డతో తుడిచిన పొర చాలు.

యాక్షన్ బార్లకి ఒక్కో వైపు ఒక్కో చుక్క. వేలితో పొడవునా రాసి, ఫోరెండ్‌ని కొన్నిసార్లు ముందుకీ వెనక్కీ ఆడించండి. రిసీవర్ అంచు దగ్గర ఆయిల్ ఉబికి వస్తే అది ఎక్కువైనట్టే, తుడిచెయ్యండి. బోల్ట్ కదిలే రిసీవర్ గాడులకీ ఇంతే.

ఎక్కువమంది మర్చిపోయేది ఫోరెండ్ కింద దాగి ఉండే మ్యాగజైన్ ట్యూబ్ బయటి వైపు. చేతి చెమట అక్కడికే చేరుతుంది, వాన నీళ్లు అక్కడే నిలుస్తాయి. ఫోరెండ్ ఎప్పుడూ దాన్ని కప్పి ఉంచుతుంది కాబట్టి ఎవరి కంటా పడదు. పైకి కొత్తదానిలా మెరిసే తుపాకికి కూడా బ్యారెల్ తీసి ఫోరెండ్ జరిపి చూస్తే ట్యూబ్ మీద ఎర్రటి పొడి, మధ్యమధ్య సన్నటి గుంటలు కనబడొచ్చు. పంప్ చేస్తుంటే గరగర వినిపిస్తే ముందు అనుమానించాల్సింది దీన్నే. సీఎల్‌పీలో తడిపిన గుడ్డతో ట్యూబ్ చుట్టూ తుడిచి, మళ్లీ పొడి గుడ్డతో ఒకసారి తుడవండి. కంటికి తడి కనిపించకూడదు, వేలు పెడితే జారాలి. ఇక్కడ గ్రీజు వద్దు. ఫోరెండ్ చివర ఉన్న సందులోంచి దుమ్ము నేరుగా లోపలికే వస్తుంది.

లాకింగ్ బ్లాక్ ముఖానికీ, అది వెళ్లి కూర్చునే బ్యారెల్ ఎక్స్‌టెన్షన్ గాడికీ గ్రీజు. అగ్గిపుల్ల చివర పట్టేంత తీసి, లోహం రంగు కాస్త మారేంత పల్చగా పూయాలి. బోల్ట్ ముందు ముఖం మాత్రం పొడిగా ఉండాలి. తూటా ప్రైమర్ (పేలుడుని మొదలుపెట్టే అడుగు బిళ్ల) తగిలేది దానికే.

ట్రిగ్గర్ గ్రూపు 870లో రెండు పిన్నులు, మాస్‌బర్గ్ 500లో ఒక్క పిన్ను తీస్తే మొత్తంగా బయటికి వస్తుంది. అంతకు మించి విప్పకండి. మెత్తటి బ్రష్‌తో మురికి దులిపి, హ్యామర్ ఇరుసుకీ, లిఫ్టర్ ఇరుసుకీ, యాక్షన్ బార్ లాక్‌కీ సూదిమొనతో ఒక్కో చుక్క వెయ్యండి, చాలు. స్ప్రేతో ముంచెత్తితే మురికి బయటికి రాదు, కడిగినట్టే కనిపించి ఇంకా లోతుకి పోయి కూర్చుంటుంది. గ్రూపు బయట ఉన్నప్పుడు ట్రిగ్గర్ నొక్కి హ్యామర్‌ని వదలొద్దు, అది వెళ్లి హౌసింగ్‌ని గట్టిగా కొట్టి పాడుచేస్తుంది. చాలా మోడళ్లలో ఆ హౌసింగ్ ప్లాస్టిక్. కాబట్టి బ్రేక్ క్లీనర్ లాంటి ఘాటైన ద్రావకాలు దాని మీద పడనివ్వకండి.

చోక్ ట్యూబ్ (గుళ్లు ఎంత విరజిమ్మాలో తేల్చే, బ్యారెల్ కొసన బిగించే ముక్క) మరలకి గ్రీజు తప్పనిసరి. యాంటీ సీజ్ (మర పట్టేయకుండా ఆపే) రకమైతే ఇంకా మంచిది. పొడిగా బిగించి ఏళ్లపాటు వదిలేస్తే మసీ తుప్పూ కలిసి మరని పట్టేస్తాయి, తర్వాత తియ్యడానికి పడే పాట్లు అన్నీ ఇన్నీ కావు. మరలు అక్కడ చాలా సన్నగా ఉంటాయి, బలవంతం చేస్తే బ్యారెల్‌కే నష్టం. మ్యాగజైన్ క్యాప్ మరకి కూడా కాస్త గ్రీజు రాయండి.

వెయ్యకూడని చోట్లు

మ్యాగజైన్ ట్యూబ్ లోపల ఆయిల్ వద్దు. స్ప్రింగు తుప్పు పట్టకుండా సీఎల్‌పీ గుడ్డతో తుడిచి, పొడి గుడ్డతో మళ్లీ తుడవండి. అక్కడ తడి మిగిలితే దుమ్ము ముద్దలా మారి ఫాలోయర్‌ని ఆపుతుంది. అది తూటాల మీదికి పాకి ప్రైమర్‌లోకి చేరితే తూటా పేలకపోవచ్చు, లేదా పేలడం ఆలస్యం కావచ్చు. ట్రిగ్గర్ నొక్కాక పేలని తూటా ఉంటే గొట్టాన్ని (బ్యారెల్‌ని) సురక్షితమైన వైపే పట్టి కాసేపు ఆగాలన్న నియమం ఇందుకే.

ఫైరింగ్ పిన్ (ప్రైమర్‌ని కొట్టే సూది) దారిలో గ్రీజు ఎప్పుడూ వద్దు. ఆయిల్ కూడా లేనట్టే ఉండాలి. చిక్కటి పదార్థం పిన్ వేగాన్ని తగ్గిస్తుంది, ప్రైమర్ మీద దెబ్బ తేలిపోతుంది. వేసవిలో తెలియని ఈ లోపం చలికాలం మొదటి ఉదయాన బయటపడుతుంది.

చాంబర్, బ్యారెల్ లోపల దాచేటప్పుడు పల్చటి పొర ఉండాలి, కాల్చే ముందు ఉండకూడదు. తూటా పేలినప్పుడు దాని ఒళ్లు ఉబ్బి చాంబర్ గోడని పట్టుకుంటుంది. మధ్యలో ఆయిల్ ఉంటే ఆ పట్టు తగ్గి వెనక్కి తన్నే బలం బోల్ట్ మీద ఎక్కువ పడుతుంది. గొట్టంలో చిక్కటి జిడ్డు నిలిచి ఉంటే అది అడ్డంకే. కాబట్టి బయటికి తీసుకెళ్లే ముందు తుపాకి ఖాళీగా ఉందో లేదో చూసుకుని, పొడి గుడ్డముక్కని గొట్టం పొడవునా దూర్చి తియ్యండి. గొట్టంలో ఏ అడ్డమూ లేదని కూడా అప్పుడే తెలిసిపోతుంది. ఖాళీ తూటాలు చాంబర్‌లో ఇరుక్కుంటున్నాయని ఆయిల్ పూసేవాళ్లున్నారు, అది మందు కాదు. బ్రష్, సాల్వెంట్ పట్టి చాంబర్‌లో అంటుకున్న ప్లాస్టిక్‌నీ మసినీ వదిలించండి. అప్పటికీ ఇరుక్కుంటుంటే గన్‌స్మిత్‌కి చూపించాలి.

మీ పరిస్థితికి ఏది

సముద్రపు గాలి, వాన, తేమ ఎక్కువగా ఉండే చోట రెండో ఆలోచన వద్దు, సీఎల్‌పీ. ఉప్పుగాలి తగిలిన రోజు సాయంత్రమే తుడవాలి, మర్నాటికి వాయిదా వెయ్యకూడదు. వేలిముద్రల్లోని చెమట ఉప్పు కూడా బ్లూయింగ్‌ని తింటుంది. కాబట్టి చివరి తుడుపు తర్వాత లోహాన్ని ఒట్టి చేత్తో ముట్టుకోకుండా గుడ్డతో పట్టి లోపల పెట్టండి. తుపాకిని నురుగు మెత్తలున్న పెట్టెలోనో, తోలు సంచిలోనో నెలల తరబడి ఉంచొద్దు. అవి తేమని పట్టి ఉంచుతాయి.

దుమ్ము, ఇసుక ఉన్న చోట అన్నీ తగ్గించండి. లోపల పొడి పీటీఎఫ్‌ఈ, లేదా సీఎల్‌పీ వేసి దాదాపు పూర్తిగా తుడిచేసిన పొర. గ్రీజు లాకింగ్ బ్లాక్‌కి కూడా వద్దు, అక్కడ ఒక చుక్క ఆయిల్ చాలు.

నీళ్లు గడ్డకట్టే చలిలో గ్రీజునీ చిక్కటి ఆయిల్‌నీ పూర్తిగా తీసేసి పల్చటి ఆయిల్‌కి మారండి. ముందు సాల్వెంట్‌తో పాత జిడ్డంతా వదిలించడం అసలైన పని. చలిలోంచి వెచ్చటి గదిలోకి తెచ్చిన తుపాకి మీద నీటి ఆవిరి పేరుకుంటుంది. గది వేడికి వచ్చేదాకా ఆగి, తుడిచి, అప్పుడు ఆయిల్ వెయ్యండి. ముందే వేస్తే నీటిని ఆయిల్ కింద మూసిపెట్టినట్టవుతుంది.

క్లే షూటింగ్ (ఎగిరే మట్టి బిళ్లల్ని కాల్చే ఆట) లాంటి వాటిలో ఒక్క రోజులో వందల తూటాలు కాల్చేవాళ్లకి రాపిడి నిజంగా లెక్కలోకి వస్తుంది. వాళ్లకి యాక్షన్ బార్ల మీద సింథటిక్ ఆయిల్, లాకింగ్ బ్లాక్ మీద గ్రీజు మంచి జోడీ. చోక్ మర గ్రీజు కూడా తరచూ చూసుకోవాలి.

ఇక తాళం వేసిన అల్మారాలో నెలల తరబడి ఉండే తుపాకి. దీనికి పల్చటి స్ప్రే ఆయిల్ అస్సలు చాలదు. సీఎల్‌పీ పొర వేసి, రెండుమూడు నెలలకోసారి తీసి చూసి, మళ్లీ తుడవండి. ఆయిల్ వేసిన కొత్తలో కొన్నాళ్లు గొట్టం కిందికి ఉండేలా నిలబెడితే మిగులు ఆయిల్ మడమలోకి దిగదు. రిసీవర్ వెనక చెక్క నల్లబడి మెత్తబడిన పాత తుపాకులు చాలావాటిలో కారణం ఇదే, ఏళ్ల తరబడి దిగిన ఆయిల్. రబ్బరు రీకాయిల్ ప్యాడ్‌కి కూడా పెట్రోలియం ఆయిల్ పడదు, అంటితే వెంటనే తుడవండి.

సరిపోయిందా లేదా

అన్నీ బిగించాక తుపాకి ఖాళీగా ఉందని మరోసారి చూసి, ఫోరెండ్‌ని నెమ్మదిగా ఆడించండి. మొదటి నుంచి చివరిదాకా ఒకే బరువుతో కదలాలి. మధ్యలో ఎక్కడైనా పట్టినట్టు అనిపిస్తే ఇంకో చుక్క వెయ్యాలనిపిస్తుంది, ఆగండి. విప్పి ఆ చోట మురికి ఉందేమో, బార్ వంగిందేమో చూడండి. ఆయిల్ వేసిన మర్నాడు ట్రిగ్గర్ గార్డు కింద, రిసీవర్ అడుగున తెల్ల కాగితం అద్ది చూడండి. కాగితానికి పల్చటి మెరుపు అంటితే చాలు, మరక పడితే ఎక్కువైనట్టు. కాగితం మీద గోధుమరంగు జిగురు వస్తే పాత ఆయిల్ లోపల మిగిలే ఉందన్నమాట.

ఒక రకం ఆయిల్ నుంచి ఇంకో రకానికి మారేటప్పుడు పాతదాని మీదే కొత్తది పోయొద్దు. గ్రీజుల్లో ఇది మరీ ముఖ్యం. వేర్వేరు చిక్కబరిచే పదార్థాలతో చేసిన రెండు గ్రీజులు కలిస్తే ఒక్కోసారి నీళ్లలా పలచబడతాయి, ఒక్కోసారి గట్టి ముద్దవుతాయి. గాలి ఆడే చోట, చేతులకి గ్లవ్స్ వేసుకుని, సాల్వెంట్‌తో పాతదంతా కడిగి, ఆరనిచ్చి, కొత్తది అదే రోజు వెయ్యండి. సాల్వెంట్ తాకిన ఉక్కు మీద రక్షణ ఏమీ మిగలదు, తేమగా ఉన్న రోజుల్లో ఒక్క రాత్రికే దాని మీద ఎర్రటి పొర కనిపించొచ్చు.